మీకు తెలుసా? ముక్కముక్కగా పూర్తయ్యే బొంత

క్విల్ట్‌లో మూడు పొరలు: పైన అతుకుల గుడ్డ, నడుమ దూది, అడుగున అస్తరు. పేచీ అంతా ఈ మూడింటినీ కలిపి కుట్టడంలోనే. ఇంటి కుట్టుమిషనులో సూదికి కుడివైపు ఖాళీ చాలావాటిలో 6, 7 అంగుళాలే. డబుల్ కాట్ క్విల్ట్‌ను చుట్టచుట్టి ఆ సందులో తోయాలంటే భుజాలు పడిపోతాయి.

అందుకే ‘క్విల్ట్ యాజ్ యు గో’. ఒక్కో చదరాన్ని మూడు పొరలతో విడిగా కుట్టేసి, తర్వాత చదరాలను జతచేస్తారు. అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన జార్జియా బోన్‌స్టీల్ ఇదే కోవలో, ఒళ్లో పెట్టుకుని కుట్టే ‘లాప్ క్విల్టింగ్’ను టీవీ పాఠాలతో, 1982లో వచ్చిన పుస్తకంతో ఇంటింటికీ చేర్చారు.

తొలిసారి ప్రయత్నించేవారు నాలుగు చదరాలతో కుషన్ కవరు కుట్టుకుంటే చాలు. మంచం కొలత బొంత తర్వాతైనా కుట్టుకోవచ్చు. ఒకటే కిటుకు: లోపలి కుట్లు అంచుదాకా పోనివ్వకండి, అర అంగుళం పైనే వదలండి. పైగుడ్డలను మిషను మీద కలిపాక, దూది అంచులను ఒకదానికొకటి ఆనేలా కత్తిరించి, అస్తరును మడిచి చేత్తో కుట్టేందుకు ఆ జాగానే ఆధారం.

మన పొరుగున ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీల ‘కవంది’ బొంతలదీ ఇంచుమించు ఇదే దారి. పాత చీర మీద ఒక మూల మొదలుపెట్టి, అంచుల వెంట తిరుగుతూ, ముక్కను అతికిస్తూనే కుడుతూ నడిమధ్యకు చేరతారు. నాలుగు మూలలా గుడ్డ మడతలతో ‘పూలు’ కుట్టనిదే వాళ్ల లెక్కలో కవంది పూర్తికాదు.