సెంటు ఎంత గాఢంగా ఉంటే అంత మంచిదా?

పండుగలు, పెళ్ళిళ్ళు దగ్గర పడితే మన ఇళ్ళలో కొత్త బట్టలతో పాటు సెంటు సీసాలు కూడా బయటికి వస్తాయి. కొన్ని బజారులో కొన్నవి, కొన్ని కువైట్ నుంచో దుబాయ్ నుంచో మనవాళ్ళు ప్రేమతో తెచ్చినవి. వాటి మీద రకరకాల పేర్లుంటాయి. ఆ పేర్ల అర్థం తెలియక, వాసన ఘాటుగా ఉంటే మంచి సరుకు అనుకుంటాం. కాని ఒకరికి హాయినిచ్చే సెంటు మరొకరికి దురదలు, తలనొప్పి, ఆయాసం తెస్తుంది. కాబట్టి కొనేముందు, పూసుకునేముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

సీసాలో ఏముంటుంది?

సెంటులో ముఖ్యంగా ఉండేవి మూడు: సువాసన తైలాలు, ఆల్కహాలు, కొంచెం నీరు. తైలాలు పువ్వులు, వేర్లు, చెక్క, పండ్ల తొక్కల నుంచి తీసినవి కావచ్చు, ఫ్యాక్టరీలో తయారైనవి కావచ్చు. ఆల్కహాలు ఆ తైలాన్ని కరిగించి, చర్మం మీద ఆరిపోతూ వాసనను గాలిలోకి తీసుకువెళ్తుంది.

కాఫీ సంగతి ఆలోచించండి. డికాక్షన్ ఒకటే, కలిపే పాలను బట్టి స్ట్రాంగ్ కాఫీ, లైట్ కాఫీ అంటాం. సెంటు కూడా అంతే. తైలం పాలు ఎంత ఉందన్న దాన్నిబట్టి పేరు మారుతుంది. సాధారణంగా లెక్క ఇలా ఉంటుంది:

పర్ఫ్యూమ్: తైలం 20 నుంచి 30 శాతం. వాసన 6 నుంచి 8 గంటలు ఉంటుంది. ఖరీదు ఎక్కువ. ఒకటి రెండు చుక్కలు చాలు.

ఓ ద పర్ఫ్యూమ్ (సీసా మీద ఇ.డి.పి. అని కూడా రాస్తారు): 15 నుంచి 20 శాతం. 4, 5 గంటలు ఉంటుంది.

ఓ ద టాయ్‌లెట్ (ఇ.డి.టి.): 5 నుంచి 15 శాతం. 2 నుంచి 4 గంటలు. పేరు చూసి పొరబడకండి, దీనికి మరుగుదొడ్డితో సంబంధం లేదు. ఫ్రెంచి భాషలో ముస్తాబుకు వాడే నీళ్ళని అర్థం.

కొలోన్: 2 నుంచి 5 శాతం. రెండు గంటల లోపే పోతుంది. జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా అనే ఆయన 1700ల తొలి సంవత్సరాల్లో తయారుచేసిన సెంటు వల్ల ఈ పేరు వచ్చింది.

ఇవి సుమారు లెక్కలే. అన్ని కంపెనీలూ ఒకే కొలత పాటించవు. ఎండాకాలం చెమటకు, పొడి చర్మానికి వాసన ఇంకా త్వరగా పోతుంది.

అత్తరు, బాడీ స్ప్రే సంగతి

అత్తరులో ఆల్కహాలు ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో గులాబీ, మల్లె, వట్టివేరు వంటి వాటిని రాగి పాత్రల్లో ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టడం పాత పద్ధతి. హైదరాబాదు చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇది చాలా గాఢమైనది, ఒక్క చుక్క చాలు. యోహాను సువార్త 12వ అధ్యాయంలో బేతనియలో మరియ వాడిన జటామాంసి అత్తరు ఇలాంటి గాఢమైన పరిమళమే. జటామాంసి మన హిమాలయాల్లో పెరిగే మొక్క. దాని వెల మూడు వందల దేనారములు అన్నారంటే, ఆనాటి కూలివానికి దాదాపు సంవత్సరం కూలి.

ఆల్కహాలు లేదు గనుక అత్తరు అందరికీ పడుతుందని అనుకోవద్దు. ఎలర్జీ ఎక్కువగా వచ్చేది సువాసన పదార్థాల వల్లనే.

డియోడరెంటు చెమటను ఆపదు. చెమట మీద పెరిగే సూక్ష్మక్రిములను తగ్గించి దుర్వాసన రాకుండా చూస్తుంది. చెమటను తగ్గించేది యాంటీ పెర్‌స్పిరెంటు, అందులో అల్యూమినియం లవణాలుంటాయి. ఏది వాడినా స్నానం చేసి, తుడుచుకున్న తర్వాతే వాడాలి.

మీకు ఏది నప్పుతుంది?

రోజూ ఆఫీసుకు, స్కూలుకు, బస్సులో వెళ్ళేవారికి కొలోన్ గాని, ఇ.డి.టి. గాని సరిపోతుంది. సాయంత్రం ఆరుబయట పెళ్ళికి ఇ.డి.పి. వాడుకోవచ్చు. మందిరంలో కిటికీలు మూసి, పక్కపక్కనే కూర్చుంటాం గనుక తేలికైనదే మేలు. ఉబ్బసం, మైగ్రేన్, ఎగ్జిమా ఉన్నవారు, వేవిళ్ళతో ఉన్న గర్భిణీలు సెంటు మానుకోవడమే మంచిది.

దుకాణంలో మూత తీసి వాసన చూసి వెంటనే కొనకండి. మొదట వచ్చేది ఆల్కహాలు, పైపై వాసనలు మాత్రమే. అసలు వాసన అరగంట తర్వాత తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక మోచేతి మడత దగ్గర కొంచెం రాసి, రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు చూడండి. ఎలర్జీ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కూడా బయటపడుతుంది. ఎర్రబడినా, దురద పెట్టినా కడిగేసి, ఆ సెంటు వదిలేయండి. ఒకసారి ఎలర్జీ మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఏళ్ళ తరబడి పడిన సెంటు కూడా ఒకనాడు పడకపోవచ్చు.

తప్పక పాటించవలసినవి

1. గీరుకున్న గడ్డం మీద, పుండ్ల మీద, కళ్ళ దగ్గర, మర్మాంగాల దగ్గర సెంటు వేయరాదు.

2. బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తైలం ఉన్న సెంటు మెడకు రాసుకుని ఎండలోకి వెళ్తే, అది కారిన చోట నల్లటి చారలు పడవచ్చు.

3. సెంటులో ఆల్కహాలు ఎక్కువ, ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, కొవ్వొత్తుల ఆరాధనకు బయలుదేరే నిమిషంలో చీర మీద కొట్టుకోవద్దు. ముందే వేసుకుని ఆరనివ్వండి.

4. పసిబిడ్డలకు సెంటు వద్దు. తల్లి ఒంటి వాసనను బట్టే బిడ్డ పాలు వెతుక్కుంటుంది. జ్వరం వస్తే కొలోన్‌తో ఒళ్ళు తుడిచే పాత అలవాటు మానండి. ఆల్కహాలు చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి వెళ్ళి బిడ్డ స్పృహ తప్పవచ్చు.

5. పిల్లలు సెంటు తాగితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వాసనను కప్పిపుచ్చకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. కొందరు అక్కచెల్లెళ్ళు తెల్లబట్ట వాసనను, కొందరు పెద్దలు షుగరు పుండు వాసనను సెంటుతో, పౌడరుతో దాచుకుంటారు. సిగ్గుతో నెలలు గడుపుతారు. దుర్వాసన జబ్బు చెప్పే మాట. పుండు చీము పట్టిందనడానికి అది గుర్తు కావచ్చు. దుర్వాసనతో తెల్లబట్ట, ముట్లు ఆగిపోయాక రక్తం కనపడడం గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కూడా గుర్తులు కావచ్చు. త్వరగా వస్తే వైద్యం సులువు. కాలు పోగొట్టుకోవలసిన స్థితి వరకు ఆగకండి. మా నర్సులకు ఏ వాసనా కొత్త కాదు. మిమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

పక్కవారి గురించి

మన ముక్కు తన సెంటుకు కొద్దిసేపట్లోనే అలవాటు పడుతుంది. వాసన పోయిందనుకుని మనం మళ్ళీ కొట్టుకుంటాం, పక్కవారికి మాత్రం ఊపిరాడదు. చేయి చాచినంత దూరంలో ఉన్నవారికి తెలియకపోతే అది సరైన మోతాదు. వార్డులో రోగులను చూడడానికి వచ్చేటప్పుడు సెంటు లేకుండా రండి. ఆయాసపడేవారికి, క్యాన్సరు మందులతో వాంతులవుతున్నవారికి, బాలింతలకు అది మీరు చేసే మేలు.

సెంటు తప్పు కాదు, ఆడంబరమూ కానక్కరలేదు. శుభ్రమైన ఒళ్ళు, ఉతికిన బట్టలు, ఆ పైన ఎవరినీ బాధపెట్టని కొద్దిపాటి పరిమళం చాలు. ప్రభువు మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యం దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్