మూడు వారాల సూది, ఒకరోజు కూలి

పిల్లల దీర్ఘకాలిక జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేది ఆపరేషన్, లక్షల ఖర్చు, సాయం కోరుతూ పేపర్లో పడిన ఫోటో. ఉప్పల్, నాచారం బస్తీల్లో బిడ్డల జబ్బులు చాలావరకు అట్లా ఉండవు. అవి చప్పుడు లేకుండా, ఏళ్ల తరబడి, ఇంటి కూలిని తింటూ నడుస్తాయి. వాటిలో ఒకటి రుమాటిక్ గుండె జబ్బు. ఈ ఒక్కదాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటే, జబ్బుపడ్డ బిడ్డ ఉన్న కుటుంబానికి కావలసిందేమిటో, అందుతున్నదేమిటో తేలిపోతుంది.

దీని మొదలు చాలా చిన్నది. గొంతు నొప్పి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే గొంతు నొప్పికి సరైన మందు పడకపోతే కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత జ్వరం వస్తుంది. మోకాలు వాస్తుంది, అది తగ్గేలోపు చీలమండ వాస్తుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలకు ఇది వస్తుంది. కొందరికి కాళ్లూ చేతులూ వాటంతటవే కదులుతుంటాయి. ఇంట్లో ‘గాలి సోకింది’ అని తాయెత్తు కడతారు, బళ్లో ‘కుదురుగా కూసోడు’ అని కొడతారు. అసలు జరిగేది వేరు. సూక్ష్మజీవితో పోరాడాల్సిన ఒంటి రక్షణ బలం పొరపాటున గుండె కవాటాల మీద కూడా దాడి చేస్తుంది. కీళ్ల నొప్పి పోతుంది గానీ కవాటాలకు తగిలిన దెబ్బ మిగిలిపోవచ్చు. జ్వరం మళ్లీ తిరగబెట్టినప్పుడల్లా ఆ దెబ్బ పెరుగుతుంది.

ఎవరి పిల్లలకు వస్తుంది? సూక్ష్మజీవికి కులం తెలియదు, నిజమే. కానీ ఇంటికి కులం ఉంది. ఒకే గదిలో ఆరుగురు పడుకునే చోట ఒకరి దగ్గు అందరి దగ్గు అవుతుంది. యూరప్, అమెరికాల్లో పెన్సిలిన్ రాకముందే, ఇళ్లలో ఇరుకు తగ్గినకొద్దీ ఈ జబ్బు తగ్గడం మొదలైంది. ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లల్లో, న్యూజిలాండ్ మావోరీ పిల్లల్లో మాత్రం ఇప్పటికీ ఉంది. అదే దేశాల్లో తెల్లవాళ్ల పిల్లల్లో చాలా అరుదు. ఊళ్లో భూమి లేక, పట్నం వచ్చి పారిశ్రామికవాడల చుట్టూ అద్దె గదుల్లో సర్దుకున్న మన కుటుంబాల సంగతి వేరే చెప్పాలా? ఊళ్లో మన వాడను దూరం పెట్టారు, ఇక్కడ మన బతుకును ఒక గదిలోకి కుక్కారు.

మరి మందు లేదా? ఉంది. బెంజాథిన్ పెన్సిలిన్ సూది 1950ల నుంచి వాడుకలో ఉంది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. మూడు వారాలకోసారి వేయించుకుంటే జ్వరం తిరగబెట్టకుండా ఆపుతుంది. గుండె దెబ్బతినని వాళ్లకు కనీసం అయిదేళ్లు, దెబ్బతిన్నవాళ్లకు పదేళ్లు, జబ్బు ముదిరితే ఇంకా ఎక్కువ కాలం వేయాలి. ఉప్పల్ రోడ్డు మీద సిసిఎంబి లాంటి పెద్ద పరిశోధనశాలలున్నాయి. ఈ బిడ్డకు అంత పెద్ద శాస్త్రం అక్కర్లేదు. పాత మందు, వేళకు పడితే చాలు.

ఆ వేళే దొరకదు. ఒక లెక్క వేద్దాం. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 సార్లు. పదేళ్లకు 170 పైచిలుకు. ప్రతిసారీ వెంట ఒక పెద్ద మనిషి పోవాలి. ఎక్కువగా తల్లే పోతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. బస్సు ఉచితమే గానీ రోజు ఉచితం కాదు. ఓపీ చీటీ, వరుస, డాక్టరు, సూది, ఆ తర్వాత కాసేపు కూర్చోబెట్టి చూడటం. పొద్దు గడిచిపోతుంది. గల్లీలోని క్లినిక్‌లో వేయించుకుందామంటే, అరుదుగా వచ్చే ప్రాణాంతక అలర్జీకి భయపడి చాలామంది ఈ సూది వేయరు. కాంట్రాక్టు పనిలో నాగా పడితే ఆ రోజు కూలి పోతుంది, నాగాలు పెరిగితే పనే పోతుంది. అందుకని ఒక సూది తప్పుతుంది, తర్వాత ఇంకొకటి తప్పుతుంది. చివరికి బిడ్డకు ఆయాసం ముదిరి పెద్ద దవాఖానకు తీసుకుపోతే, ‘మీకు శ్రద్ధ లేదమ్మా’ అంటారు. శ్రద్ధ లేక కాదు, సెలవు లేక.

నాచారంలో ఇఎస్ఐ ఆసుపత్రి ఉంది కదా అనొచ్చు. 2019 జులై నుంచి దీనికి కార్మికుల వేతనంలో 0.75 శాతం కోస్తున్నారు, యజమాని 3.25 శాతం కట్టాలి. కార్డున్న కార్మికుల పిల్లలకు అక్కడ వైద్యం ఉంది. అది చిన్న హక్కు కాదు. 1943లో కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ చేత నివేదిక రాయించినప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ అంబేద్కర్ చేతిలో ఉంది. అయితే రెండు చోట్ల ఈ హక్కు ఆగిపోతుంది. ఒకటి, అడ్డా కూలీలకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు, మేస్త్రీ పేరెక్కించని వాళ్లకు కార్డే లేదు. రెండు, కార్డున్నా, కార్మికుడు తాను జబ్బుపడితేనే 70 శాతం వేతనం, ఏడాదిలో 91 రోజుల దాకా. బిడ్డ జబ్బుపడితే ఆ వేతనం లేదు. ప్రసూతి కాలపు భారం తల్లి ఒక్కదానిదే కాదు, యజమానిదీ ప్రభుత్వానిదీ కూడా అని అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో వాదించారు. ఆ వాదనను బిడ్డ పుట్టిన దగ్గరే ఎందుకు ఆపాలి?

ఇక ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దీని పరిమితి 10 లక్షలకు పెరిగింది. గుండె ఆపరేషన్లతో ఎన్నో ప్రాణాలు నిలిచాయి, కాదనలేం. కానీ లోహపు కవాటం వేస్తే బతికినన్నాళ్లూ రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకోవాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆడపిల్లకైతే రేపు కాన్పు కూడా గండమే. మన ప్రభుత్వానికి గుండె కోయడానికి డబ్బుంది, గుండె చెడకముందు మూడు వారాలకోసారి తలుపు తట్టే మనిషే లేడు.

చేయగలిగింది లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సర్కారు బళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించాలి. అందులో చూడాల్సిన జబ్బుల్లో రుమాటిక్ గుండె జబ్బు ఉంది. పంతుళ్లు ఆ బృందం ఎప్పుడొచ్చింది, ఎవరిని పంపింది, పంపిన బిడ్డ దవాఖానకు చేరిందా అని అడగాలి. 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానల్లో, అలర్జీ వస్తే ఆదుకునే ఏర్పాటుతో, కూలి వేళలు దాటాక ఈ సూది వేయాలని ఉద్యమకారులు పట్టుబట్టాలి. కార్మిక సంఘాలు తమ కోర్కెల్లో బిడ్డ వైద్యానికి జీతంతో కూడిన సెలవు చేర్చాలి. ఇరుకు గదుల సమస్య ఇళ్ల పోరాటంలో తేలాల్సిందే. అప్పటిదాకా విద్యార్థులు బస్తీకో నోటు పుస్తకం పెట్టి, ఏ బిడ్డకు ఏ తేదీన సూది పడాలో రాసుకుని, తల్లికి వీలుకాని రోజున ఆమెను అడిగి బిడ్డను వెంటబెట్టుకుని పోవచ్చు.

ఆ తల్లికి మనం ఆరోగ్యం గురించి బోధించనక్కర్లేదు. బిడ్డకు సూది ఎప్పుడు పడాలో ఆమెకు తెలుసు. ఆ రోజు కూలి ఎవరిస్తారన్నదే ప్రశ్న.