కీమోరేడియేషన్ (తల, మెడ కాన్సర్)

కీమోరేడియేషన్ అనగా రేడియేషన్ చికిత్సను, మందులతో చేసే కీమోథెరపీని ఒకే కాలంలో కలిపి ఇచ్చే విధానం. గొంతు, స్వరపేటిక మొదలగు భాగాలలో పుట్టి ముదిరిన కాన్సర్‌కు, ముఖ్యంగా అది మెడలోని లింఫు గ్రంథులకు (వాడుకలో బిళ్ళలు) ప్రాకినప్పుడు, ఇది ప్రధాన చికిత్సలలో ఒకటి.

కారణాలు

ఈ కాన్సర్లకు పొగాకు ముఖ్య కారణం. మద్యం తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొనను నోటిలో ఉంచుకొని చుట్ట త్రాగే "అడ్డపొగ" అలవాటు వలన అంగిలి కాన్సర్ వస్తుందని వైద్యులు చాలాకాలం క్రితమే గుర్తించారు. పొగాకు పండే ప్రకాశం, గుంటూరు ప్రాంతాల వారికి కూడా ఈ వ్యాధి గురించిన అవగాహన అవసరం.

పనిచేసే విధానం

రేడియేషన్ కాన్సర్ కణాలలోని డి.ఎన్.ఏ.ను తెంచుతుంది. కణం ఆ తెగిన భాగాన్ని సరిచేసుకొనే ప్రయత్నం చేస్తుంది. సిస్ప్లాటిన్ అనే మందు డి.ఎన్.ఏ.కు అంటుకొని ఆ మరమ్మతును అడ్డుకుంటుంది. అందువలన అదే మోతాదు రేడియేషన్‌తో ఎక్కువ కణాలు నశిస్తాయి. అనేక పరిశోధనలను కలిపి విశ్లేషించి 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇలా కలిపి ఇచ్చుట వలన 5 సంవత్సరాలు జీవించినవారు నూటికి సుమారు 6.5 మంది చొప్పున పెరిగారు. వయసు పెరిగినకొద్దీ, ముఖ్యంగా 70 ఏళ్ళు దాటిన వారిలో, ఈ ప్రయోజనం తగ్గుతుంది.

చికిత్సా క్రమం

సాధారణంగా మొత్తం 70 గ్రే రేడియేషన్‌ను 35 భాగాలుగా, వారానికి 5 రోజులు చొప్పున 7 వారాలు ఇస్తారు. సిస్ప్లాటిన్‌ను 3 వారాలకు ఒకసారి గాని, తక్కువ మోతాదులో వారానికి ఒకసారి గాని ఎక్కిస్తారు. ఈ మందు పడని వారికి డోసెటాక్సెల్ మేలు చేస్తుందని ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధన 2023లో తెలిపింది. నోటి కాన్సర్‌కు మాత్రం సాధారణంగా ముందు శస్త్రచికిత్స చేస్తారు. కోసిన అంచులలో కాన్సర్ మిగిలినా, గ్రంథి పొరను దాటినా తరువాత కీమోరేడియేషన్ ఇస్తారు.

దుష్ఫలితాలు

నోరు పూయడం, మ్రింగలేకపోవడం, నోరు ఎండిపోవడం, బరువు తగ్గడం సాధారణం. సిస్ప్లాటిన్ వలన వాంతులు, మూత్రపిండాలకు హాని, వినికిడి లోపం కలుగవచ్చు. చికిత్సకు ముందే దంతవైద్యుని చూడాలి. మిరప పండే సీమలోనైనా కారం, పచ్చళ్ళు మాని రాగి జావ, మెత్తని పెరుగన్నం వంటివి తీసుకోవాలి. మ్రింగలేనప్పుడు ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. గొట్టం వేశారంటే వ్యాధి ముదిరిందని అర్థం కాదు.

మధ్యలో ఆపరాదు

నోరు పూసినప్పుడు కొందరు "తగ్గిన తరువాత వస్తాము" అని ఇంటికి వెళ్ళిపోతారు. ఆ విరామంలో మిగిలిన కాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి. చికిత్స ఒక్కొక్క రోజు ఆలస్యమైనకొద్దీ వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. అద్దంకి వంటి ఊరి నుండి రోజూ గుంటూరు వెళ్ళి రావడం నీరసించిన రోగికి కష్టం. కనుక ఆ 7 వారాలకు బసను, తోడుండే మనిషిని ముందే ఏర్పాటు చేసుకోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ) క్రింద అర్హులకు కాన్సర్ చికిత్స ఉచితంగా లభిస్తుంది. చికిత్స మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో, గడువులోగా పూర్తిచేయడం కూడా అంతే ముఖ్యం.