పలనాటి పాత సంగతులు వేటపాలెం బీరువాల్లో

ఎత్తిపోతల : చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకే ఈ జలపాతాన్ని చూడడానికి ఎక్కడెక్కడి జనమో వస్తుంటారు. ఈ సీమ చరిత్రను పాత పత్రికల్లో వెతకదలచినవారు మాత్రం మాచర్ల, నరసరావుపేట, చిలకలూరిపేట దాటి చీరాల చెంతనున్న వేటపాలెం వెళ్ళడం మేలు. అక్కడి సారస్వత నికేతనం నూరేళ్ళు దాటిన గ్రంథాలయం.

ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి దీనిని 1918లో నెలకొల్పారు. 1929లో మహాత్మా గాంధీ ఇక్కడ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర నేటికీ ఇక్కడ భద్రంగా ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు వేటపాలెం గుంటూరు జిల్లాలోనిదే. ఇప్పుడది బాపట్ల జిల్లా. పలనాటివారికి మాత్రం అది పరాయి ఊరు కాదు.

ఈ గ్రంథాలయానికి పేరు తెచ్చినవి పాత పత్రికలు. బందరులో 1902లో పుట్టిన కృష్ణా పత్రిక, బొంబాయిలో 1908లో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసునుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక పాత సంచికలు ఇక్కడ ఉన్నాయి. వీటికోసం పరిశోధకులు దూరాభారమనక వస్తుంటారు.

పుల్లరి ఉద్యమంలో 1922లో పోలీసు కాల్పులకు బలి అయిన కన్నెగంటి హనుమంతు కథ పలనాట తెలియనివారు లేరు. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క తీరుగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో లోకానికి ఏమని తెలిసిందో చూడాలంటే నాటి పత్రికలే దిక్కు.

అయితే పాత పత్రికల కాగితానికి ఆయుష్షు తక్కువ. అందులోని పులుపు గుణంవల్ల ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరిగి, మడత పెడితే అప్పడంలా విరుగుతుంది. తిప్పిన ప్రతిసారీ పుట అంచు రాలుతుంది. అందుకే అసలు ప్రతిని చేతులు మారనివ్వకుండా, ఫొటో నకలు తీసి చదువరులకు ఇవ్వడం అవసరం.

తాటాకు గట్టిది. పొడిగా ఉంచి, గుడ్డలో చుట్టి, వసకొమ్ము, వేపాకు పెడితే వందల ఏళ్ళు నిలుస్తుంది. పలనాటి వీరచరిత్ర అలా వ్రాతప్రతుల్లో నిలిచి ఉండబట్టే 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు దానిని అచ్చు వేయించగలిగారు.

పలనాటి పల్లెల్లో పాత కరణాల ఇళ్ళలో, పురోహితుల ఇళ్ళలో అటకలమీద ఇటువంటి కట్టలు ఇంకా ఉండవచ్చు. పండుగకు ఇల్లు దులిపేటప్పుడు వాటిని పొయ్యిలో వేయడం, ఏట్లో విడవడం తగదు. చదవడం రాకపోయినా వచ్చినవారికి చూపించి, పనికివచ్చేదని తేలితే గ్రంథాలయానికి అప్పగించాలి. ఒకే ప్రతి ఉన్న గ్రంథం పోతే మళ్ళీ ఎక్కడా దొరకదు.