తెల్ల వైన్‌కి ఆ చురుకు ఎందుకు? తిండితో జోడు కుదిరేది ఎలా?

ఫ్రాన్స్‌లో ల్వార్ నది ఎడమ గట్టున, కొండమీద ఉన్న ఊరు సాన్సేర్. చుట్టుపక్కల సున్నపురాయి, చెకుముకిరాయి నేలల్లో పండే సోవిన్యాన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే తెల్ల వైన్‌కీ అదే పేరు. తీపి లేకుండా, నాలుకని చురుక్కుమనిపించే తెల్ల వైన్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే దీనితో మొదలుపెట్టడం మేలు.

ఆ చురుకు ఎందుకు?

పులుపు వల్ల. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్. మన చింతపండుకి పులుపునిచ్చేది మొదటిదే. రెండోది పచ్చి యాపిల్‌లో ఎక్కువ. కాయ పండేకొద్దీ మాలిక్ ఆమ్లం తరిగిపోతుంది, వేడి ప్రదేశాల్లో మరీ త్వరగా. సాన్సేర్ చల్లటి చోటు కాబట్టి పండులో పులుపు నిలుస్తుంది. నాసిక్‌లో కూడా ఈ ద్రాక్ష పండిస్తున్నారు. అక్కడి సూలా సంస్థ 2000లో విడుదల చేసిన తొలి వైన్లలో ఈ ద్రాక్షతో చేసినదొకటి. అక్కడ కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. రాత్రుళ్లు చల్లగా ఉండే కాలంలో పండితేనే పులుపు దక్కుతుంది మరి.

ఈ వైన్‌లో పచ్చి వాసన ఎక్కడిది?

క్యాప్సికంకి ఆ వాసన ఇచ్చే పిరజీన్లనే పదార్థాలే ఈ ద్రాక్షలోనూ ఉంటాయి. పండు ముదిరేకొద్దీ అవి తగ్గుతాయి. పంపరపనసని గుర్తుచేసే వాసనల సంగతి వేరు. వాటికి మూలమైన పదార్థాలు పండులో వాసన లేకుండానే ఉంటాయి. పులియబెట్టేటప్పుడు ఈస్ట్ వాటిని విడదీస్తే అప్పుడు గుబాళిస్తాయి. ఇవి చెదిరిపోకుండా చాలామంది స్టీలు తొట్లలో, చల్లగా ఉంచి పులియబెడతారు.

రుచి చూడటం ఎలా?

8 నుంచి 10 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. మరీ చల్లగా ఉంటే వాసనలు అణిగిపోతాయి, వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు పైకి వస్తుంది. గ్లాసులో మూడో వంతే పోసి, చేతి వేడి తగలకుండా కాడ దగ్గర పట్టుకోండి. మెల్లగా తిప్పి వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగండి. ఆ తర్వాత దవడల పక్కన ఎంతగా నీరూరుతోందో గమనించండి. పులుపుకి అదే కొలత.

మేకపాల చీజ్‌తో ఎందుకు నప్పుతుంది?

సాన్సేర్ పక్కనే ఉన్న షావిన్యోల్ గ్రామం మేకపాల చీజ్‌కి పేరుపొందింది. చీజ్‌లోని కొవ్వు నాలుకమీద పూతలా పరుచుకుంటే, వైన్ పులుపు నోట నీరూరించి దాన్ని కడిగేస్తుంది. చీజ్‌లోని ఉప్పు వైన్ పులుపుని మెత్తబరుస్తుంది. వేయించిన చేపమీద పిండిన నిమ్మకాయ పులుపు కూడా జిడ్డుని ఇలాగే కడిగేస్తుంది. అందుకే వేపుడు చేపలకీ రొయ్యలకీ ఈ వైన్ చక్కగా నప్పుతుంది.

మన వంటలతో ఎలా?

తినేదాని పులుపు వైన్ పులుపుని మించకూడదు. చేపల పులుసు, గోంగూర పచ్చడి పక్కన ఈ వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. కారం దట్టించిన కూరతో తాగితే ఆల్కహాల్ మంటని ఇంకా పెంచుతుంది. బొబ్బట్టులాంటి తీపి తిన్నాక తాగితే వట్టి పులుపే మిగులుతుంది. కారం తగ్గించి వేయించిన వంజరం, మిరియాలు చల్లిన రొయ్యల వేపుడు, కొత్తిమీర–పుదీనా పట్టించి కాల్చిన పనీర్ బాగా కుదురుతాయి. ఆకుల పచ్చి వాసన వైన్‌లోని పచ్చి వాసనతో కలిసిపోతుంది.

జోడు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి నిపుణులెవరూ అక్కర్లేదు. ముందు ఒక గుక్క తాగండి, ఒక ముద్ద తినండి, మళ్లీ ఒక గుక్క తాగండి. రెండో గుక్క మొదటిదానికంటే రుచిగా అనిపిస్తే ఆ జోడు కుదిరినట్టే. లేకపోతే వైన్‌ని తప్పుపట్టకండి, పళ్లెంలోని పులుపునీ కారాన్నీ కాస్త తగ్గించి చూడండి.