కూలి లెక్క

కిందటి ఏడాది రాజమహేంద్రవరంలో జరిగిన చిన్న వ్యాపారాల పోటీకి మా సంఘ సహోదరి ఒకామె నరసాపురం లేసు అల్లికలు పట్టుకుని వెళ్తుంటే తోడుగా మేమూ వెళ్లాం. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు. ఆమె చెప్పవలసినదంతా వారం ముందే రాసిచ్చాం. పాస్టర్లకుండే అలవాటు కదా, దానికి ఉపోద్ఘాతం, మూడు అంశాలు, ముగింపు కూడా పెట్టాం. వేదిక ఎక్కగానే మొదటి వాక్యం తప్ప ఆమెకు ఏదీ గుర్తు రాలేదు. "అయ్యా, మా మీద దయ చూపండి" అని, సంచిలోంచి టేబుల్ క్లాత్ తీసి వారి ముందు పరిచింది.

అదే మంచిదైంది. ముగ్గురూ దాన్ని చేతుల్లోకి తీసుకుని చూశారు.

"అల్లడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా?"

"22 రోజులండీ, వంట పని అయ్యాక కూర్చుంటే."

"మీరు చెప్పిన ధరలో మీ కూలి ఎంత?"

ఆమె మాకేసి చూసింది. మేము నేల చూశాం. దారం ఖరీదు వేశాం, బస్సు చార్జీ వేశాం, చివరికి సంచి ఖరీదు కూడా వేశాం. ఆమె కూలి వేయాలని ఆమెకూ తోచలేదు, లెక్క రాసిన మాకూ తోచలేదు.

ఈ మరుపు ఆమెతో మొదలైంది కాదు. 1844లో స్కాట్లండు మిషనరీ దంపతులు మెక్రేలు ఇక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారని గర్వంగా చెప్పుకుంటాం. సరుకు సముద్రాలు దాటింది గాని, లాభం ఎక్కువగా వర్తకులకూ దళారులకూ చేరింది. 1982లో జర్మనీ పరిశోధకురాలు మరియా మీస్ ఈ స్త్రీల గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టుకు అల్లుతున్నా వీరిని పనివారిగా ఎవరూ ఎంచలేదనీ, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారనీ ఆమె రాశారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరి పేరుకు రక్షణ దొరికింది. అల్లిన చేతికి ఎంత ఇవ్వాలో ఆ పత్రం చెప్పదు.

పోటీ ముగిసేవరకు మా మనసులో సంఖ్యాకాండము 27వ అధ్యాయమే మెదిలింది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలబడ్డారు. ఎదుటివారికి రాగల అనుమానాన్ని అడగకముందే తీర్చేశారు. తమ తండ్రి కోరహుతో చేరి తిరగబడినవాడు కాడన్నారు. ఆ తరువాత తమకు కావలసినది సూటిగా చెప్పారు: తండ్రి సహోదరులతో పాటు స్వాస్థ్యం. దయ చూపమని వారు అనలేదు. వారు అడిగింది న్యాయమేనని దేవుడే మోషేతో చెప్పాడు. స్త్రీల కూడికల్లో ఈ భాగం ఎన్నిసార్లు బోధించామో! అయినా మా సహోదరికి రాసిచ్చిన మొదటి మాట మాత్రం 'దయ చూపండి'.

బహుమతి రాలేదు. బస్సు గోదావరి వంతెన మీదుగా కొవ్వూరు వైపు వెళ్తుండగా, "పెన్ను ఉందాండీ అయ్యగారూ?" అని అడిగి, మేము రాసిచ్చిన కాగితాన్నే తిరగేసింది. 22 రోజులు, రోజుకు 4 గంటలు.

"88 అండీ. గంటకు ఎంత వేద్దాం?"

నిడదవోలు దాటేవరకు ఆ ఒక్క అంకె గురించే మాట్లాడుకున్నాం.