సారా ప్యాకెట్టు: పాత్ర మార్పు, పదం మార్పు
తెలుగు వ్యవహారంలో మత్తుపానీయానికి దాని పాత్రతోనే గుర్తింపు. ‘కల్లు ముంత’ మనిషిని దుకాణానికి రప్పించింది. 1980లలో ‘వారుణి వాహిని’ పథకంతో వ్యాపించిన ‘సారా ప్యాకెట్టు’ మనిషి వద్దకే నడిచింది. మద్యానికి సంస్కృతనామం, ప్లాస్టిక్ తొడుగు ఒక్కసారే దక్కాయన్నమాట! కొలిచి పోసే సరుకు జేబులో ఇమిడే వస్తువైంది; పొలానికీ ఇంటికీ చేరడం సులువైంది. ప్యాకేజింగ్ చరిత్రలో సౌకర్యంగా లెక్కకు వచ్చే ఈ గుణమే కుటుంబాలకు భారమైంది. 1992లో దూబగుంట నుండి వ్యాపించిన స్త్రీల ఉద్యమం ఎదుర్కొన్నది ఈ సరఫరానే. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. పొరుగున కర్ణాటకలో మాత్రం 2007 జూలై వరకు ఆగవలసివచ్చింది. అందువల్ల సరిహద్దుకు చేరువైన పలమనేరు ప్రాంతపు వ్యవహారంలో ‘ప్యాకెట్టు’ పద చరిత్రను 1993తో ముగించడం సమంజసం కాదు.